సూదిదారము లేని క్రిస్మసు మేజోడు

భద్రాచలము చెంత అడవిపల్లెలలో డిసెంబరు మాసము వచ్చుసరికి మంచు దట్టముగా గురియును. అట్టి చలిలో సైతము మన పిల్లలలో మేజోళ్లు తొడుగువారు కొలదిమందియే. కావున క్రిస్మసు మేజోడు అను మాట వినినప్పుడు, “కాలికి తొడుగుదానిని గోడకేల వ్రేలాడదీయుదురు?” అని మా విద్యార్థులు అడుగుచుందురు. ఈ ప్రశ్న సమంజసమైనదే. దానికి బదులు చెప్పి, సూది, దారము, కుట్టుమిషను ఏదియు లేకుండ ఇంటనే మేజోడు చేసికొను విధమును ఈ వ్యాసమున వివరింపగోరెదము.

నాలుగవ శతాబ్దమున, నేటి టర్కీ దేశమునకు చెందిన మైరా పట్టణమున నికొలసు అను బిషప్పు ఉండెను. ఒక బీదవాని ముగ్గురు కుమార్తెలకు వివాహము చేయుటకు ధనము లేదని విని, ఆయన రాత్రివేళ ఎవరికిని తెలియకుండ వారి ఇంటిలో బంగారమును విడిచిపోయెనని ఐతిహ్యము. ఆ బంగారము ఆరవేసిన మేజోడులో పడెనని తరువాతివారు చెప్పుకొనిరి. 1823లో అమెరికాలో అచ్చయిన ఒక బాలగేయము మేజోళ్లను వ్రేలాడదీయు ఆచారమునకు మరింత ప్రచారము కలిగించెను. కథలోని సారము బంగారము కాదు. ఇచ్చినవాని పేరు తెలియకుండుట.

పరదేశపు ఆచారమును మన వస్తువులతో మలచుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు డోర్నకల్లులో కట్టించి, 1939లో ప్రతిష్ఠ జరిపిన దేవాలయమున మన దేశపు శిల్పరీతులు కానవచ్చును. మేజోడు విషయమునను మనము అట్లే చేయవచ్చును. మన అడవులలోని స్త్రీలు అడ్డాకులను ఏరి తెచ్చి, సన్నని పుల్లలతో గ్రుచ్చి విస్తళ్లు చేయుదురు. అందు దారము లేదు, జిగురు లేదు. అయినను పప్పు, పులుసు వడ్డించినను విస్తరి విడిపోదు. ఇదియే మాకు పాఠము నేర్పినది.

ఆ పాఠము మేము తొలుతనే నేర్చుకొనలేదు. ఒకయేట మేజోళ్ల అంచులన్నిటిని అన్నపు జిగురుతో అతికించితిమి. పగలు అవి చక్కగా నిలిచినవి. రాత్రి మంచుకు జిగురు మెత్తబడెను, చీమలును పట్టెను. తెల్లవారి ఒక చిన్నవాడు తన మేజోడును తీసికొనగానే అడుగు ఊడి, జామపండ్లు నేలపై దొర్లిపోయెను. పండుగకు వానిని చూడ వచ్చువారెవరును లేరు; ఆ మేజోడే వాని పండుగ. తోడివారు నవ్విరి, వాడు ఏడ్చెను. తప్పు మాది. నాటినుండి మేము ఒక నియమము పెట్టుకొంటిమి: బరువు మోయవలసిన చోట ముడి, అందము కొరకు మాత్రమే జిగురు.

ఇక చేయు విధము. మొదట పాత వార్తాపత్రికపై పండ్రెండు అంగుళముల ఎత్తు, ఆరంగుళముల వెడల్పు గల మేజోడు ఆకారమును గీయవలెను. పాదము మడమనుండి వ్రేళ్లవరకు తొమ్మిదంగుళములుండవలెను. దాని చుట్టును, పైమూతి తప్ప, రెండంగుళముల అంచు విడిచి కత్తిరింపుడు. గుడ్డకు పాత బనియను మిక్కిలి అనుకూలము. అది అల్లిక గుడ్డ గనుక అంచుల పోగులు ఊడవు. అయితే సాగును గనుక అందు బరువైన వస్తువులు పెట్టరాదు. నేతగుడ్డయైనచో ముందుగా పలుచని గంజి పెట్టి ఎండలో ఆరబెట్టినయెడల పోగులు త్వరగా ఊడవు.

రెండు గుడ్డలను ఒకదానిపై నొకటి పరచి, కాగితమును పైన నుంచి, రెంటిని కలిపియే కత్తిరింపవలెను. పిదప అంచును అంగుళమునకొక చీలికగా, రెండంగుళముల లోతున కోయవలెను. మడమయొద్దను, వ్రేళ్లయొద్దను వంపు ఉండును గనుక అచ్చట అరంగుళమున కొకటి చాలును. పై గుడ్డ చీలికను, దానికి సరిగా క్రిందనున్న చీలికతో రెండుమారులు ముడి వేయుడు. మిక్కిలి గట్టిగా లాగినచో అంచు ముడుచుకొనిపోవును. మూతియొద్ద రెండు రంధ్రములు చేసి జనపనార త్రాడు దూర్చి కట్టినచో వ్రేలాడదీయుటకు వీలగును. చివరకు అరకిలో బియ్యము పోసి ఒక రాత్రి వ్రేలాడదీసి చూడవలెను. నిలిచినయెడల పని సరిగా జరిగినట్లే.

అలంకారమునకు చింతగింజల జిగురు మంచిది. గింజలను వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి నీటిలో ఉడికించిన చిక్కని జిగురు వచ్చును. దానితో రంగుగుడ్డ ముక్కలను, తాటాకు నక్షత్రములను, గుమ్మడిగింజలతో పువ్వులను అతికింపవచ్చును. పురుగు పట్టకుండుటకు కొందరు జిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము గనుక తినుబండారములుంచు మేజోడునకు కలుపరాదు. ఎరుపు నలుపు గల గురువింద గింజలు కంటికి ఇంపుగా నుండును గాని, వాటి లోపలి పప్పు ఘోరవిషము. పిల్లలు కొరికి నమలినయెడల ప్రాణాపాయము కలుగును. అడవిలో అవి సులభముగా దొరకును గనుకనే తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక చేయుచున్నాము.

మేజోడును ఏమితో నింపవలెను? ఒక జామపండు, ఒక వేరుసెనగ ఉండ, ఒక పెన్సిలు చాలును. మేము అందరికిని ఒకే కాగితపు నమూనా నుండి మేజోళ్లు కోయుదుము. గుడ్డ రంగు వేరుకావచ్చును, కొలత వేరుకాదు. ఎవరు ఎవరికి నింపిరో చెప్పకుండుటయు మా నియమమే. అందువలన ఇంటినుండి మూట వచ్చిన పిల్లవానికిని, ఏమియు రాని పిల్లవానికిని ఆ ఉదయమున భేదము కనబడదు.

బాలబాలికలారా, ఈ సెలవులలో మీ ఇంట రెండు మేజోళ్లు చేయుడు. ఒకటి మీ తమ్మునికో చెల్లెలికో ఇండు. రెండవదానిని పండుగకు చూడ వచ్చువారు లేని యొక పిల్లవాని గుమ్మమునకు, పేరు చెప్పక కట్టి రండు. ముడులు మాత్రము గట్టిగా వేయుడు.