బాటకూ హక్కుంది

రంజాన్ రాత్రుల్లో బజారుకు వెళ్తాం. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు గనుక బండిని పక్క గల్లీలో, ఎవరి వాకిట్లోనో నిలిపేస్తాం. ఆ ఇంట్లో రోగి ఉండవచ్చు, జనాజా బయలుదేరవలసి ఉండవచ్చు.

బాటలపై కూర్చోవద్దని దైవప్రవక్త (స) వారించారు. తప్పదని సహాబాలు విన్నవించుకోగా, అయితే బాట హక్కు నెరవేర్చమన్నారు. ఎవరికీ బాధ కలిగించకపోవడం ఆ హక్కుల్లో ఒకటి (బుఖారీ, ముస్లిం). కూర్చున్న మనిషికే ఇంత నియమముంటే, గంటల తరబడి కదలని కారు మాటేమిటి?

1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ కూడా ఇతరులకు అడ్డంగా బండి వదలడాన్ని నిషేధిస్తోంది. "జుమా నమాజుకే కదా వచ్చాం" అన్న సాకు ఇక్కడ చెల్లదు. కాస్త ముందే బయలుదేరి, బండి దూరంగా నిలిపి నడిస్తే మస్జిద్ వైపు వేసే ప్రతి అడుగుకూ పుణ్యమే. ఇక గల్లీ మొగలో ఇద్దరు యువకులను నిలబెట్టడం మస్జిద్ కమిటీకి పెద్ద పనేమీ కాదు.