ఆడవారిలో టెస్టోస్టిరాన్ – ఇంటి పరీక్ష చాలునా?

కపిలేశ్వరపురం దంపతులారా!

టెస్టోస్టిరాన్‌ను మగ హార్మోను అంటారు గాని, ప్రతి స్త్రీ ఒంట్లోనూ అది కొద్దిగా ఉంటుంది. అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు దానిని తయారుచేస్తాయి. అది ఎక్కువైతే నెలసరి క్రమం తప్పవచ్చు, గడ్డం మీద వెంట్రుకలు రావచ్చు, కడుపు పండడం ఆలస్యం కావచ్చు.

వేలి నుంచి నెత్తురు చుక్కో, ఉమ్మో ఇంట్లోనే తీసి పంపే కిట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. స్త్రీలలో ఈ హార్మోను బహు స్వల్పం గనుక ఆ లెక్క తప్పవచ్చు. ఒక్క అంకె చూసి ఇల్లాలిని గొడ్రాలనకండి.

డాక్టరు గారికి చూపించి, ఉదయం పూట నరం నుంచి రక్తం తీయించి పరీక్ష చేయించండి. అమ్మా, మాలా-ఎన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. అవి ఈ హార్మోనును తగ్గిస్తాయి. అయ్యా, మీరూ వెంట వెళ్ళి వీర్య పరీక్ష చేయించుకోండి. లోపం ఎవరిలోనైనా ఉండవచ్చు!