దారపు కొస: కార్యాలయ నిర్వాహకుని ఏకాగ్రతను గూర్చి

మన కళాశాల నుండి పట్టా పుచ్చుకొని వెళ్లే విద్యార్థులలో అనేకులు ఏదో ఒక కార్యాలయంలో ఒక బల్ల, ఒక కుర్చీ, కొన్ని ఫైళ్ల నడుమ జీవితాన్ని ప్రారంభిస్తారు. అది ప్రభుత్వ కార్యాలయం కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, పాఠశాల కావచ్చు. ఆ ఉద్యోగానికి కావలసిన పరీక్షలకు మనం వారిని శ్రద్ధగా సిద్ధం చేస్తున్నాం. కాని ఆ బల్ల ముందు కూర్చున్న పిదప సాయంకాలం వరకు బుద్ధి చెదరకుండా పనిచేయడం ఎట్లో బోధించే పాఠ్యగ్రంథం మనకు లేదు. ఏకాగ్రత పుట్టుకతో వచ్చే గుణమని కొందరు, మనోనిశ్చయంతో సాధించవలసినదని మరికొందరు భావిస్తారు. మా అభిప్రాయం వేరు. కార్యాలయ నిర్వాహకుని ఏకాగ్రత అతని తలలో కంటె అతని రిజిస్టరులోనే ఎక్కువగా ఉంటుంది.

ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఈ సంగతి రెండు మాటల ద్వారా సులభంగా బోధపడుతుంది. దఫ్తరు, దాఖలు, తాఖీదు, హాజరు, రద్దు వంటి పదాలు అరబ్బీ పారశీకాల నుండి మన కచేరీలలోనికి వచ్చి తెలుగు పదాలై స్థిరపడినవి. వాటిలో ‘మంజూరు’ ఒకటి. నజర్, మన్‌జర్ అనే మాటలు పుట్టిన ధాతువు నుండియే ఇదీ పుట్టింది. దాని మూలార్థం ‘చూడబడినది’. అనగా అధికారి కన్ను పడిన కాగితమే మంజూరైన కాగితం. రెండవ మాట ‘శిరస్తాదారు’. మనవాళ్లు దీనిని సంస్కృత శిరస్సుతో ముడిపెట్టి తాలవ్య శకారంతో వ్రాస్తున్నారు గాని, పారశీకంలో దీని రూపం ‘సర్‌రిష్తాదార్’. సర్ అనగా కొస, రిష్తా అనగా దారం. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు మన ఇళ్లలో వినిపించే రిష్తా ఇదే. దారపు కొసను చేతిలో పట్టుకొని ఉన్నవాడు శిరస్తాదారు. కచేరీ దస్తావేజులన్నీ అతని అధీనంలో ఉండేవి. ఒక కాగితాన్ని నిజంగా చూడాలంటే తక్కిన కాగితాల దారం చేతిలో ఉండాలని ఈ రెండు పదాలను పక్కపక్కన పెట్టినప్పుడు తోస్తుంది.

నిర్వాహకుని దినచర్యను ఒకసారి గమనింతము. పదిన్నరకు తపాలు వస్తుంది. దానిని విప్పుతుండగా పైఅధికారి పిలుస్తారు. తిరిగి వచ్చేసరికి పింఛను సంగతి కనుక్కోవడానికి ఒక వృద్ధుడు నిలబడి ఉంటాడు. ఫోను మోగుతుంది. జీతాల బిల్లుకు అదే ఆఖరు దినం. ఇట్టి అంతరాయాల ప్రభావాన్ని ఇటీవలి పరిశోధకులు శ్రద్ధగా పరిశీలించారు. గ్లోరియా మార్క్, ఆమె సహచరులు 2008లో ప్రకటించిన ప్రయోగంలో అంతరాయాలకు లోనైనవారు పనిని మరింత త్వరగానే ముగించారు. కాని అందుకు వారు చెల్లించిన మూల్యం ఎక్కువైన ఒత్తిడి, చిరాకు. సోఫీ లెరాయ్ 2009లో మరొక సంగతి చూపారు. ఒక పనిని అసంపూర్తిగా వదలి మరొక పనికి మళ్లినప్పుడు మనస్సులో కొంత భాగం పాతపని వద్దనే చిక్కుకొని ఉంటుంది. కొత్తపని ఆ మేరకు కుంటుపడుతుంది. బల్లమీద ఇరవై ఫైళ్లు తెరచి ఉంచుకొనడం శ్రమకు నిదర్శనమని మన కార్యాలయాలలో ఒక భ్రమ ఉన్నది. నిజానికి అట్లు కూర్చున్నవాని మనస్సు ఇరవై ముక్కలై ఉంటుంది.

ఐతే అంతరాయాలను పూర్తిగా తొలగించడం నిర్వాహకునికి సాధ్యమా? కాదు. ఆ వృద్ధుని మాట వినడం కూడ అతని ఉద్యోగ ధర్మమే. కావున అంతరాయం కలిగినను దారం తెగని ఏర్పాటు కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కచేరీలలో టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరుతో వ్యాపించి, ఆంధ్ర జిల్లాలకు సంక్రమించిన రిజిస్టర్ల పద్ధతి సరిగా ఇట్టిదే. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక కరెంటు నంబరు పడుతుంది. అది ఏ గుమాస్తాకు చేరిందో ఆ గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఎవరి నుండి వచ్చింది, విషయమేమి, ఎప్పుడు సమర్పించారు, ఎవరికి వ్రాశారు, జవాబు ఎప్పుడు వచ్చింది, చివరకు ఏమైంది అన్నవన్నీ ఒకే వరుసలో కనబడతాయి. జవాబు రావలసిన కాగితాలకు రిమైండరు డైరీ, చాలాకాలం కదిలించనక్కరలేని వాటికి కాల్ బుక్ వేరుగా ఉంటాయి. ఈ పద్ధతిని ఎర్రటేపు అని ఎగతాళి చేసేవారున్నారు. దానిని యాంత్రికంగా నడిపినచోట ఆ నింద చెల్లుతుంది కూడ. కాని దాని అసలు ప్రయోజనం మనిషి జ్ఞాపకశక్తిని బరువు నుండి విడిపించడమే.

దీనికి మనస్తత్త్వ శాస్త్రం నుండి కూడ బలం లభిస్తుంది. మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇరువురు 2011లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, నెరవేరని పని మరొక పనిలో ఉన్నవాని మనస్సును కలతపెడుతుంది. ఆ పనిని ఎప్పుడు, ఎట్లు చేయాలో నిర్దిష్టంగా నిర్ణయించుకొన్నచో, పని ఇంకా పూర్తి కాకున్నను, ఆ కలత అణగుతుంది. ‘ఫలానా తేదీన గుర్తుచేయవలెను’ అని రిమైండరు డైరీలో వ్రాసుకొన్న గుమాస్తా తెలియకుండానే ఈ సూత్రాన్ని పాటిస్తున్నాడు.

ఇట్లు విడుదలైన దృష్టిని ఎక్కడ వినియోగించాలి? మన విద్యార్థులకు ఎంతో దగ్గరైన ఒక ఉదాహరణ చెబుతాం. ఒకే విద్యార్థి పేరు పదవ తరగతి మెమోలో ‘మొహమ్మద్’ అని, ఆధార్ కార్డులో ‘ఎం.డి.’ అని, బ్యాంకు పుస్తకంలో ‘మహ్మద్’ అని ఉండడం మనం తరచుగా చూస్తున్నాం. ఆడపిల్లల పేర్లలో ‘బేగం’, ‘సుల్తానా’, ‘ఫాతిమా’ ఒకచోట చేరి మరొకచోట లోపిస్తాయి. తండ్రి పేరులోని ‘షేక్’ ముందుండాలా, పొడి అక్షరంగా ఉండాలా అన్నదానికి నియమమే లేదు. కంప్యూటరుకు మొహమ్మదూ మహ్మదూ ఇద్దరు వేర్వేరు మనుష్యులు. విద్యార్థి వేతనం నేరుగా బ్యాంకు ఖాతాకు చేరే ఈ రోజులలో ఒక్క అక్షరం తేడా వలన దరఖాస్తు వెనుకకు రావచ్చు. గడువు దాటితే ఆ సంవత్సరపు సొమ్ము పోయినట్లే. కూలి చేసి చదివించే తల్లిదండ్రులకు ఆ సొమ్ము పోవడమంటే కొన్ని ఇళ్లలో చదువు ఆగడమే. ఆ దరఖాస్తును పరిశీలించే నిర్వాహకుడు ఆ నిమిషంలో ఫోనులో మాట్లాడుతూ టిక్కు పెట్టినచో, అది దాఖలైన కాగితమే గాని ‘చూడబడిన’ కాగితం కాదు. ఇట్టి పనిని ఇద్దరు కలిసి చేయడం మేలు. ఒకరు మెమోలోని పేరును అక్షరం అక్షరంగా పైకి చదవాలి, రెండవవారు దరఖాస్తులో వేలు పెట్టి సరిచూడాలి. పాత కచేరీలలో నకళ్లను ఒరిజినలుతో సరిచూచిన విధమిదే. ఇరవై దరఖాస్తుల తరువాత కన్ను అలసిపోతుంది కనుక కొంత విరామమూ అవసరం.

కాల నియమానికి వస్తే, ఇట్టి సూక్ష్మమైన పనికి జనం రాని తొలి గంటను కేటాయించాలి. సందర్శకులకు వేళ ప్రకటించి ఆ వేళలో మాత్రం తప్పక అందుబాటులో ఉండాలి. గడువు ఉన్న పనులకు గడువును చట్టమే నిర్ణయించినచోట చర్చ లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అర్జీకి 30 రోజులలో, ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో జవాబు ఇవ్వాలి. ఆ తేదీని అర్జీ వచ్చిన దినమే వేసుకోవాలి. గడువు లేని పనులకు మనమే గడువు పెట్టుకొనకపోతే ఏమవుతుందో పార్కిన్సన్ 1955లోనే హాస్యంగా వ్రాశాడు. ఉన్న సమయమంతా నిండేదాకా పని సాగుతుందట!

నేడు అనేక కార్యాలయాలలో ఈ-ఆఫీసు వచ్చింది. ఫైలు ఎక్కడ ఉన్నదో యంత్రమే చూపుతుంది. ఇది మంచిదే. కాని సెల్‌ఫోనులో వాట్సాప్ ద్వారా వచ్చే ఆదేశాలకు ఏ నంబరూ పడదు. ‘ఆ జాబితా వెంటనే పంపండి’ అని వచ్చిన సందేశం సాయంత్రానికి శుభాకాంక్షల కింద మునిగిపోతుంది. అట్టి ప్రతి సందేశాన్నీ అందిన తక్షణమే రిజిస్టరులోకి ఎక్కించడం తప్ప మాకు మరొక ఉపాయం తోచడం లేదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ప్రవేశాల కాలంలోనూ, విద్యార్థి వేతనాల దరఖాస్తుల కాలంలోనూ చివరి సంవత్సరపు విద్యార్థులను ఇద్దరిద్దరిని వారంపాటు కళాశాల కార్యాలయంలో కూర్చోబెడితే, వారికి ఈ పని అలవడుతుంది, గుమాస్తాలకు సరిచూచే తోడు లభిస్తుంది. వారికి ఒక పొడవాటి నోటుపుస్తకం ఇస్తే చాలు. అందులో నంబరు, తేదీ, విద్యార్థి పేరు మెమోలో ఉన్నది ఉన్నట్లుగా, తేడా ఉన్నచో ఆ తేడా, ఎవరిని అడిగాము అన్న గళ్లు గీసుకోవాలి. ఆరవ గడి పైన ‘మళ్లీ ఎప్పుడు చూడాలి’ అని వ్రాసుకోవాలి.