కళ్లెం : వాచ్యార్థం, లక్ష్యార్థం

తరగతిలో అనువాద పాఠం చెప్పేటప్పుడు ఆంగ్లంలోని ‘కర్బ్’ అనే పదం తరచుగా ఎదురవుతుంది. కోపాన్ని ‘కర్బ్’ చేయాలి అన్నచోట విద్యార్థులలో పలువురు ‘అణచివేయాలి’ అని వ్రాస్తారు. ఇది పూర్తిగా తప్పు కాదు. కాని మూలంలోని భావం ఇందులో సగమే వస్తుంది. తక్కిన సగం తెలియాలంటే ఆ పదం పుట్టిన చోటు చూడాలి.

‘కర్బ్’ మొదట గుర్రపు సామానులో ఒక భాగం. కళ్లెపు ఇనుప కడ్డీకి తగిలించి, గుర్రం దవడ క్రిందుగా వేసే గొలుసు లేక తోలుపట్టీకి ఆ పేరు. రౌతు పగ్గం లాగినపుడు అది బిగిసి గుర్రం మెడ వంచుతుంది. ‘వంచుట’ అనే అర్థంగల లాటిన్ ధాతువు నుండి ఫ్రెంచి మీదుగా ఈ మాట ఆంగ్లానికి చేరింది.

తెలుగులో దీనికి చేరువైన మాట కళ్లెం; ఉర్దూలో లగామ్. ‘నోటికి కళ్లెం వేయి’ అని తెలుగువారంటే, ‘జబాన్ కో లగామ్ దో’ అని ఉర్దూవారంటారు. భాషలు రెండైనా భావన ఒక్కటే. నాలుక గుర్రం కాదు గనుక ఇక్కడ వాచ్యార్థం పొసగదు. దీనినే మన ఆలంకారికులు ముఖ్యార్థబాధ అన్నారు. అపుడు ముఖ్యార్థంతో సంబంధమున్న మరొక అర్థాన్ని, అనగా ‘అదుపు’ను, గ్రహిస్తాము. అదే లక్ష్యార్థం. ‘ధరలకు కళ్లెం’, ‘అధికార పగ్గాలు’, ‘పట్టపగ్గాలు లేని సంతోషం’ మొదలైనవన్నీ ఇట్టివే.

ఈ పోలిక చాలా ప్రాచీనం. కఠోపనిషత్తు ఇంద్రియాలను గుర్రాలుగా, మనస్సును పగ్గంగా, బుద్ధిని సారథిగా నిరూపించింది. ఉపవాసాన్ని తెలిపే అరబ్బీ పదం ‘సౌమ్’కు మానుకొనుట అని అర్థం. మేత ముట్టక నిలిచిన గుర్రం విషయంలో కూడా ప్రాచీన అరబ్బులు ఆ మాట వాడారు.

నిగ్రహానికి మన ఓరుగల్లు చరిత్రలోనే చక్కని నిదర్శనం కలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు దారి తప్పి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మున్నగు వానిని పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారని అందులో చెప్పబడింది. గణపతిదేవుడు అట్లు చేయక, ఎగుమతి దిగుమతులపై 30వ వంతు సుంకం మాత్రం నిర్ణయించి, తక్కినది వర్తకులకే విడిచాడు. సర్వమూ తీసుకోగల బలముండీ తన చేతికి తానే కళ్లెం వేసుకొన్నాడు. అందువలన రాజ్యం చిన్నబోలేదు, కీర్తి పెరిగింది.

విద్యార్థులారా! కళ్లెం గుర్రాన్ని చంపేది కాదు, శాలలో కట్టివేసేది కాదు. పరుగును దారిలో పెట్టేది. అణచివేసిన కోపం లోపల కుములుతూనే ఉంటుంది. అదుపులోనున్న కోపం అన్యాయాన్ని ప్రశ్నించడానికి పనికివస్తుంది. కనుక ఇకమీదట ‘కర్బ్’ అనే పదం కనబడినపుడు ‘అణచుట’ అని వ్రాయడానికి ముందు ఒక క్షణం ఆగండి. ‘అదుపులో పెట్టుకొనుట’, ‘నిగ్రహించుకొనుట’ అనే మాటలు అక్కడ పొసగునేమో చూడండి. అనువాదంలో అలవడిన ఆ క్షణకాలపు నిదానం మాటలోనూ నడతలోనూ అలవడితే, చదివిన పాఠం సార్థకమైనట్లే.