బెల్లం పెనంలో కెమిస్ట్రీ పాఠం

కెమిస్ట్రీ అనగానే మన మిత్రుల్లో చాలామందికి పరీక్షనాళికలు, ముక్కు బద్దలయ్యే గ్యాసులు, బట్టీ పట్టవలసిన సమీకరణాలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం బెల్లం పెనం గుర్తుకొస్తుంది. మాది అచ్యుతాపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. మా మండలంలో చాలా భూములు ప్రత్యేక ఆర్థిక మండలి కిందికి పోయాయి గానీ, మిగిలిన చెక్కలో నాన్న ఇంకా చెరకే వేస్తున్నాడు. సంక్రాంతికి ముందూ వెనకా గానుగ ఆడించి, బెల్లం వండి, దిమ్మలు కట్టి అనకాపల్లి మార్కెట్టుకు తోలతాం. ద్రావణాలు, ఆమ్లాలు, క్షారాలు అనే పాఠం నాకు ముందు ఆ పెనం దగ్గరే ఎదురైంది. పేర్లు మాత్రం కాలేజీలో తెలిశాయి.

పాకం ఒక ద్రావణం

కరిగేది ద్రావితం, కరిగించుకునేది ద్రావణి, రెండూ ఏకంగా కలిసిపోతే ద్రావణం. చెరకు రసంలో నీరు ద్రావణి, పంచదార ముఖ్యమైన ద్రావితం. నూరు గ్రాముల రసంలో కరిగి ఉన్న పదార్థం సుమారు 15 నుంచి 20 గ్రాములు. మిగతాదంతా నీరే. బెల్లం వండటమంటే ఆ నీటిని తరిమెయ్యడమే.

ఒక ఉష్ణోగ్రత దగ్గర ద్రావణి ఇంక కరిగించుకోలేని స్థితికి వస్తే దాన్ని సంతృప్త ద్రావణం అంటారు. 20 డిగ్రీల దగ్గర నూరు గ్రాముల నీటిలో ఉప్పు 36 గ్రాములే కరుగుతుంది. పంచదార సుమారు 200 గ్రాములు కరుగుతుంది. నీటిని 100 డిగ్రీలకు వేడిచేస్తే ఉప్పు 39 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది, పంచదార మాత్రం 480 గ్రాములు దాటుతుంది. అందుకే వేడి పాకం అంత తీపిని కడుపులో పెట్టుకోగలదు. చల్లారేటప్పుడు మొయ్యలేక స్ఫటికాలుగా వదిలేస్తుంది.

ఇంకొక సంగతి. ఉత్త నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ద్రావితం పెరిగేకొద్దీ మరుగుస్థానం కూడా పెరుగుతుంది. బెల్లం పాకం దించే వేళకు 118 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మా తాత థర్మామీటరు ఎరగడు. పాకం చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్లతో నలిపి, ఉండ కట్టిందంటే "దించండ్రా" అనేవాడు. ఆ ఉండే ఆయన థర్మామీటరు.

రసంలో దాగిన పులుపు

తియ్యటి చెరకు రసం ఆమ్లమంటే ఎవరూ నమ్మరు. కానీ నీలి లిట్మస్ ముంచి చూడండి, ఎర్రబడుతుంది.

నీటిలో హైడ్రోజన్ అయాన్లు ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్లు ఇచ్చేది క్షారం అన్న భావన స్వీడన్ దేశస్థుడు ఆర్హీనియస్‌ది. 1884లో ఆయన సమర్పించిన థీసిస్‌కు ఉప్సాలా విశ్వవిద్యాలయం బొటాబొటి శ్రేణి ఇచ్చి సరిపెట్టింది. ఆ థీసిస్‌తో మొదలైన అయాన్ల సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. (మార్కులు తక్కువొచ్చిన మిత్రులు గమనించగలరు!) 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా ఈ భావనను విస్తరించారు. ప్రోటాన్ ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అన్నారు. అమోనియాలో హైడ్రాక్సైడ్ లేకపోయినా అది క్షారం ఎందుకయిందో దీనితో తేలిపోయింది. అది నీటి దగ్గర ప్రోటాన్ పుచ్చుకుంటుంది.

ఆమ్లత్వాన్ని కొలిచే పి.హెచ్. కొలమానాన్ని 1909లో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హాగెన్‌లో ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో. అంటే ఈ కొలత కూడా తిండీ తాగుడూ తయారయ్యే చోటే పుట్టింది. 25 డిగ్రీల దగ్గర 7 తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. తాజా చెరకు రసం పి.హెచ్. 5కు కాస్త పైన ఉంటుంది. దాన్ని 6 దాటిస్తే చాలు, హైడ్రోజన్ అయాన్లు దాదాపు పదో వంతుకు పడిపోతాయి.

సున్నం ఎందుకు?

రసం ఆమ్లంగా ఉంటే నష్టమేమిటి? వేడిలో ఆమ్లం ఉత్ప్రేరకంగా పనిచేసి, పంచదార అణువును నీటితో కలిపి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీల్చేస్తుంది. ఇవి ఎక్కువైతే పాకం స్ఫటికం కట్టదు. దిమ్మ మెత్తబడి, గాలిలో తేమ పీల్చి కారిపోతుంది.

అందుకే సున్నపు తేట వేస్తారు. కాల్సియం హైడ్రాక్సైడ్ ఆమ్లాన్ని తటస్థీకరిస్తుంది. అంతేకాదు, రసంలోని ఫాస్ఫేటుతో కలిసి కరగని కాల్సియం ఫాస్ఫేటుగా మారి, మురికిని పట్టుకుని తెట్టుగా పైకి తెస్తుంది. సున్నం పంచదారలాంటిది కాదు. లీటరు నీటిలో రెండు గ్రాములు కూడా కరగదు, వేడి పెరిగితే ఇంకా తక్కువ కరుగుతుంది.

రెండేళ్ల కిందట ఒక రాత్రి గానుగ మోటారు కాలిపోయింది. పిండిన రసం తెల్లవార్లూ డ్రమ్ములోనే ఉండిపోయి పులిసింది. ఆ బెల్లం బంకలా సాగింది. నాన్న బెంగపడి, మర్నాడు తాజా రసానికి కూడా సున్నం రెట్టింపు వేశాడు. ఈసారి దిమ్మ గట్టిపడింది గానీ నల్లగా తయారైంది. క్షారం ఎక్కువైతే గ్లూకోజు, ఫ్రక్టోజులు విరిగి నల్లరంగు పదార్థాలవుతాయి. మార్కెట్లో షావుకారు దిమ్మను తిప్పి చూసి, "రంగు లేదయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండు పెనాల కష్టం సగం ధరకు పోయింది. మా అక్క పెళ్లి బాకీ ఇంకా తీరని ఏడాది అది.

పసుపు కాయితం

మరుసటి సీజనుకు నేను బి.ఎస్సీ.లో చేరాను. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు పెనం దగ్గరికి పట్టుకెళ్లాను. పసుపులోని కర్‌క్యుమిన్ ఆమ్లంలోనూ తటస్థంలోనూ పసుపుగానే ఉంటుంది, పి.హెచ్. 7 దాటి కాస్త పైకి వెళ్లాక ఎర్రబడుతుంది.

"ఏట్రా అది, బొట్టు పెడతావేటి పెనానికి?" అన్నాడు నాన్న.

"నాన్నా, ఎర్రబడితే సున్నం మించిందన్నమాట. పసుపుగా ఉండాల."

గరిటెడు రసం చల్లార్చి చుక్క వేశాను. రంగు మారలేదు. కానీ పసుపు కాగితం సున్నం ఎక్కువైందనే చెబుతుంది, చాలకపోతే చెప్పలేదు. ఆ సంగతికి కాలేజీలో అడిగి తెచ్చుకున్న పి.హెచ్. కాగితం వాడాం. 6 దాటి కొద్దిగా రాగానే సున్నం ఆపించాను. ఆ పెనం బెల్లం బంగారు రంగులో గట్టిగా వచ్చింది. నాన్న ఏమీ అనలేదు గానీ, మర్నాడు "ఆ కాయితాలు ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

రంగు కోసం కొందరు "హైడ్రోస్" అనే సోడియం హైడ్రోసల్ఫైట్ వేస్తారు. అది రంగును తాత్కాలికంగా విరిచేస్తుంది. నిల్వలో రంగు మళ్లీ ముదురుతుంది, గంధకం మాత్రం బెల్లంలో మిగిలిపోతుంది. పి.హెచ్. సరిచూసుకుని, తెట్టు శుభ్రంగా తీసి, బెండ మొక్క జిగురు వాడితే ఆ మందు అవసరం చాలావరకు తప్పుతుంది.

ఇది పెనంతో ఆగదు

మిత్రులారా, మనలో చాలామంది రేపు పరవాడలోనో అచ్యుతాపురంలోనో మందుల కంపెనీల్లో ఉద్యోగాలకు వెళతాం. పాఠంలో ద్రావణి అంటే ఎక్కువగా నీరే. అక్కడ మాత్రం నిప్పురవ్వకు అంటుకునే ద్రావణులు టన్నులకొద్దీ ఉంటాయి. 2024 ఆగస్టు 21న మా అచ్యుతాపురం సెజ్‌లో ద్రావణి లీకై, ఆవిరి అంటుకుని జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. ద్రావణి అనే మాటను రెండు మార్కుల ప్రశ్నగా నేను మళ్లీ చదవలేకపోయాను.

కనుక రెండు ముక్కలు గుర్తుంచుకోండి. గాఢ ఆమ్లాన్ని పలచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీటిలో కొద్దికొద్దిగా కలపాలి. నీటిని ఆమ్లంలో పోస్తే, పుట్టిన వేడికి పైనున్న నీరు మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ద్రావణి ఏదైనా సరే, ఎంత వేడికి దాని ఆవిరి అంటుకుంటుందో తెలుసుకున్నాకే డ్రమ్ము మూత తియ్యాలి. తెలియకపోతే అడగండి. అడగడం నామోషీ కాదు.

మా తాత పాకం ఉండను వేళ్లతో నలిపి చూడనిదే పెనం దించేవాడు కాదు. చదువుకున్న మనం చూడకుండా ఎందుకు దించాలి?

— రెండవ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి, అచ్యుతాపురం