ఎఫ్రోను పొలము – కొత్త కారు బేరము

పాఠభాగము: ఆదికాండము 23వ అధ్యాయము



శారా మరణించిన దినమున అబ్రాహామునకు ఆమెను పాతిపెట్టుటకు ఆ దేశములో జానెడు నేలయైనను లేదు. అతడు హేతు కుమారుల యొద్దకు పోయి, మక్పేలా గుహను తగిన వెలకు ఇప్పించుడని వేడుకొనెను. దాని యజమానుడైన ఎఫ్రోను మొదట ఊరకనే తీసికొమ్మనెను. అబ్రాహాము అడిగినది గుహ. అతడు పొలమును కూడ కలిపి ఇచ్చెదననెను. మరుమాటలోనే నాలుగువందల తులముల వెండి మనకొక లెక్కా అన్నట్లుగా వెల బయటపెట్టెను. ఎఫ్రోను మోసగాడని నేననను. ఆ దేశపు బేరములలో అట్టి మాటలు మర్యాదయై యుండవచ్చును. అయితే ఊరక అను మాట వెనుక వెల దాగియుండుట, అడుగని వస్తువు బేరములోనికి వచ్చుట, పెద్ద మొత్తమును చిన్నదిగా పలుకుట, ఈ మూడును ఈ మధ్య ఒక కాగితములో నాకు కనబడెను.

మిరప అమ్మకములైన తరువాత మన సంఘములోని ఒక పెద్దాయన తన కుమారునితో వచ్చి ఆ కాగితము నా చేతికిచ్చెను. భార్యను నెలనెలా పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవలసియున్నందున కారు కొనుటకు బయలుదేరిరి. ప్రకటనలో ధర 6,20,000 అని యుండెను. "అయ్యగారూ, ఆ వెలకే సిద్ధపడి పోతిమి. ఇందులో ఏది తీసివేయవచ్చునో, ఏది తీసివేయకూడదో మాకు తెలియదు. రేపటిలోగా అడ్వాన్సు కట్టకపోయిన ఈ ధర ఉండదన్నారు" అని ఆయన చెప్పెను.

ప్రకటనలో కనబడు ఎక్స్-షోరూము ధరలో జి.ఎస్.టి., ఫ్యాక్టరీనుండి దుకాణము వరకు రవాణా, వర్తకుని లాభము కలిసియే యుండును. దానిపైన లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను రుసుము, ఇన్సూరెన్సు న్యాయముగా చేరవలసినవి. ఆ కాగితములో ఇవియుగాక హేండ్లింగు ఛార్జీలు 8,500, సీటు కవర్లు మొదలగు సామానులు 28,000, అదనపు వారంటీ 14,000 ఉన్నవి. ఈ మూడింటిలో చట్టము కట్టుమన్నది ఒక్కటియు లేదు. కారును దుకాణమునకు చేర్చి నిలువబెట్టినందుకు మరల మనయొద్ద వసూలు చేయుట ఏమి న్యాయము? సామానులు ఉచితమని నోటితో చెప్పిరట. కాగితములో వెల కలదు. కంపెనీ ఇచ్చు నగదు తగ్గింపును మినహాయింపక, దానికి బదులు కాళ్లపట్టాలు చేతబెట్టి ఉచితమనుట కూడ కొన్నిచోట్ల జరుగుచున్నది.

ఇన్సూరెన్సు సంగతి కొంచెము వివరముగా చెప్పవలెను. సుప్రీంకోర్టు ఆజ్ఞవలన 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారునకు మూడేండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు విధిగా ఉండవలెను. ఇది నిజము. ఈ నిజమును ముందు నిలిపి, అది మా దుకాణములోనే తీసికొనవలెను, లేనియెడల వారంటీ చెల్లదు అని అబద్ధము జోడింతురు. కొనువాడు తనకిష్టమైన కంపెనీలో పాలసీ తీసికొనవచ్చునని ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2017లోనే దుకాణములకు తెలియజేసినది. పెద్దాయన కుమారుడు బయట విచారింపగా, అక్కడ 38,000 అడిగిన పాలసీయే 27,000లకు దొరికెను.

అన్నిటికంటె లోతైన గొయ్యి అప్పు. వారికి చెప్పినది ఒక్క మాట: నెలకు 11,667 రూపాయలే. అయిదు లక్షల అప్పు, అయిదేండ్లు, 8 శాతము ఫ్లాటు వడ్డీ. ఫ్లాటు అనగా అసలు నెలనెలా తీరుచున్నను వడ్డీని మాత్రము చివరి వరకు పూర్తి అయిదు లక్షలపైననే లెక్కింతురు. ఏటికి 40,000 చొప్పున అయిదేండ్లకు 2,00,000. అదే 8 శాతమును మిగిలిన అసలుపైన లెక్కించినయెడల నెలకు 10,138 చాలును. మొత్తము వడ్డీ సుమారు 1,08,000. అంకె ఒక్కటే, తేడా 92,000 రూపాయలు. నిజమునకు అది 14 శాతము దాటిన వడ్డీ. సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు పెట్టుకొనరాదని ద్వితీయోపదేశకాండము 25:13–16లో చదువుచున్నాము; ఈ కాలమున ఆ రాళ్లు అంకెలైనవి. 2024 అక్టోబరు 1 నుండి మంజూరగు ఇట్టి అప్పులకు, అన్ని ఖర్చులు కలిపిన వార్షిక శాతమును చూపు ముఖ్యాంశముల పత్రము ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు ఉత్తరువు. అది మనకర్థమగు భాషలో ఉండవలెను. దానిని అడుగక సంతకము చేయకుడి.

మరియొక మాట. నిరుడు తయారై నిలిచిపోయిన బండిని కొత్త సంవత్సరములో ఈ ఏటి బండియని అమ్ముట కలదు. విక్రయ పత్రమైన ఫారము 21లో తయారైన నెల, సంవత్సరము ఉండును. ఛాసీ నంబరుతో సరిచూచుకొనవలెను.

ఈ జాడ్యము మనదేశములోనే పుట్టినది కాదు. అమెరికాలో 1950లలో వర్తకులు ధరను ముందే పెంచిపెట్టి, పాత కారుకు గొప్ప వెల ఇచ్చుచున్నట్లు నటించిరి. మన్రోనీ అను సెనేటరు పూనికతో 1958లో చట్టమయ్యెను. కంపెనీ సూచించిన ధర, సామానుల వెల, రవాణా ఖర్చు విడివిడిగా వ్రాసిన కాగితమును ప్రతి కొత్త కారు అద్దమునకు అంటింపవలెను; కొనినవానికి కారు చేరువరకు దానిని తీయరాదు. ఆ కాగితమును నేటికిని ఆయన పేరనే పిలుచుచున్నారు. అంతకు మించి అమ్మరాదని ఆ చట్టము చెప్పలేదు. అయినను అంకెలు అందరికంటను పడినవి. అబ్రాహాము చేసినదియు అదే గదా! గవినియొద్ద అందరు వినుచుండగా వెండి తూచెను. పొలము, గుహ, పొలములోని చెట్లు సహా లెక్కకు వచ్చినవి.

మనకును చట్టము కలదు. ఒకటి కొనుటకు మరియొకటి కొనితీరవలెనని షరతు పెట్టుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పు. 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. దుకాణము ఎక్కడ ఉన్నను మన జిల్లా కమిషనులోనే రెండేండ్లలోగా ఫిర్యాదు వేయవచ్చును. రసీదు లేనివానికి మాత్రము ఏ కమిషనైనను ఏమి చేయగలదు?

ఇట్లు మాటలాడుచుండగా పెద్దాయన కుమారుడు మెల్లగా అడిగెను. వారియొద్ద మార్పిడికి ఇవ్వదలచిన పాత కారు కలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అది విజయవాడలో సీట్ల వరకు మునిగినది. "ఆ సంగతి వారికి చెప్పవలెనా అయ్యగారూ?" అంతవరకు దుకాణదారుని తిట్టిన మేము ముగ్గురము కొంతసేపు ఊరకుంటిమి. సామెతలు 20:14 కొనువాని నాలుకను గూర్చినది. అమ్మువానికిని అది చాలును. చివరకు తండ్రియే, "చెప్పుదుము రా" అనెను. అందువలన 40,000 తగ్గినది.

ఆ కాగితము క్రింద సంతకము చేసిన యువకుడు నాకు తెలిసినవాడే, ప్రక్క గ్రామపు సండే స్కూలులో పెరిగినవాడు. వారితోకూడ నేనును దుకాణమునకు పోతిని. నన్ను చూచి తల వంచుకొనెను. బయట టీ కొట్టుయొద్ద, "నెలాఖరుకు ఇన్ని పాలసీలు, ఇంత సామాను అమ్మకపోతే జీతములో కోత అయ్యగారూ. అమ్మ మందులకు నా జీతమే ఆధారము" అనెను. ఉద్యోగము మానుమని చెప్పుటకు నాకు నోరు రాలేదు. కాగితము మధ్య ఒక గీత గీసి, పైన తప్పక కట్టవలసినవి, క్రింద ఇష్టమైతే తీసికొనవలసినవి వ్రాయగలవా అని మాత్రము అడిగితిని.

పెద్దాయనకు అట్లే వ్రాసి ఇచ్చెను. వారు గీత క్రిందివేవియు తీసికొనలేదు; పాలసీ బయట తీసికొని, అప్పు తమ బ్యాంకులో పెట్టుకొనిరి. ఆ యువకుడు తరువాత వచ్చినవారికిని గీత గీయుచునే యున్నాడు. రెండు నెలలకు అతనిని అమ్మకములనుండి తీసి సర్వీసు కౌంటరులో వేసిరి. జీతము మూడు వేలు తగ్గినది. ఈ సంగతి వ్రాయవచ్చునా అని అడుగగా, "వ్రాయండి అయ్యగారూ, పేరు మాత్రము వేయకండి, అమ్మకు జీతము సంగతి ఇంకను చెప్పలేదు" అనెను.