మార్కులు తగ్గాయని మెకానిక్కు పనిలో వేస్తారా?

"వీడికి చదువు రాదండీ, ఐటీఐలో పడేస్తాం" అంటారు తండ్రులు, అదీ పిల్లాడి ముందే. అదే ఇంట్లో అన్నకు సీఎస్ఈ మేనేజ్‌మెంట్ సీటు కోసం పొలం తాకట్టుకు వెళ్తుంది.

ఇంజన్ పనికి బుర్ర అక్కర్లేదనుకునేవారు విజయవాడ ఆటోనగర్లో సిలిండర్ హెడ్డు పని చేసే షెడ్డుకు ఒక పూట వెళ్లి చూడండి. వాల్వు గ్రైండ్ చేసి, అది ఆనుకునే సీటు కట్ చేశాక వాల్వు హెడ్డులోకి కాస్త దిగుతుంది. దాని కాడ అవతలివైపు పైకి లేస్తుంది. స్ప్రింగు కూర్చునే ఎత్తు పెరిగి, కొత్త స్ప్రింగైనా పట్టు తగ్గుతుంది. మిల్లీమీటరుకు 4 కిలోల బలమిచ్చే స్ప్రింగైతే, అర మిల్లీమీటరు తేడాకు 2 కిలోలు పోయినట్టే. ఇంటర్లో బట్టీపట్టే హుక్ నియమమే ఇది! అందుకే ప్రతి వాల్వు దగ్గరా ఎత్తు కొలిచి, స్ప్రింగు అడుగున షిమ్ము (పలచటి వాషరు) వేసి, టెస్టరు మీద బలం చూడాలి. షిమ్ము మందమెక్కువైతే వాల్వు పూర్తిగా తెరుచుకునేలోపే స్ప్రింగు చుట్లు కలిసిపోయి పుష్‌రాడ్డు వంగొచ్చు. పట్టు చాలకపోతే వాల్వు సమయానికి మూసుకోదు, పిస్టనుకు తగిలే ప్రమాదముంది. 4000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి 2000 సార్లు తెరుచుకుంటుంది మరి. "కొత్త స్ప్రింగులేగా" అని బిగించేసే మేస్త్రీ దగ్గర మాత్రం పిల్లాణ్ని చేర్చకండి.

పదో తరగతి పాసైతే ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది.

ఈ ఐటీఐ కోర్సుల్లో కాదు, డబ్బు పోయేది వేరేచోట. "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టి, నాలుగు నెలల ఆటోమొబైల్ కోర్సుకు భారీ ఫీజు గుంజే సంస్థలున్నాయి. సర్టిఫికెట్‌కు కేంద్ర వృత్తి శిక్షణ నియంత్రణ సంస్థ ఎన్‌సీవీఈటీ గుర్తింపు ఉందా అని అడగండి. స్ప్రింగు టెస్టరు, సీటు కటింగ్ మెషీను చూపించమనండి. అద్దాల బీరువాలో ఉంటే లేచి వచ్చేయండి. షోరూం యూనిఫాం చూసి మురిసిపోవద్దు. అక్కడ చాలాసార్లు హెడ్డును బయటి షెడ్డుకే పంపుతారు, పిల్లాడు ఆయిల్ మార్చడమే నేర్చుకుంటాడు. "పని నేర్పుతున్నాం, జీతమెందుకు" అనేవారిదీ మోసమే. అప్రెంటిస్‌గా ఒప్పందం నమోదైతే స్టైపెండ్ ఇచ్చి తీరాలి.

ఎలక్ట్రిక్ బళ్లొస్తుంటే ఇదెందుకంటారా? పెట్రోలు కార్లనే నమ్ముకోమని నేనూ చెప్పను. లారీ, ట్రాక్టరు, జనరేటరు, చేపల బోటు, వీటి డీజిల్ ఇంజన్ల వైపే నా మొగ్గు. పక్కనే వైరింగూ నేర్చుకోవాలి. ఇంజన్ విప్పాలన్న ఆసక్తి పిల్లాడికి లేకపోతే ఇందులోకీ తోయకండి. చేర్చేముందు వారం రోజులు షెడ్డులో ఉంచి, సాయంత్రం ఏం కొలిచావని అడగండి.